చేదు పిండని మనిషి

సంతాపసభలో మాట్లాడినవాళ్ళందరూ ఒకే పాట పాడారు. ఆవిడ నోటి నుంచి ఏనాడూ ఒక్క పరుషమైన మాట రాలేదట. ఎప్పుడు చూసినా చిరునవ్వేనట. గడప తొక్కినవాళ్ళెవరినీ అన్నం పెట్టకుండా పంపేది కాదట. సాక్షాత్తూ అన్నపూర్ణ అని ఒకాయన గొంతు జీరపోయేలా అన్నాడు. వెనక గోడ మీద ప్రొజెక్టర్‌లో ఫొటోలు మారుతున్నాయి. అన్నిట్లోనూ పట్టుచీరలే. అన్నిట్లోనూ కెమెరా కోసం తెచ్చిపెట్టుకున్న నవ్వే. నేను ఏడుద్దామని వెళ్ళాను. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

పొరపాటున వేరే ఎవరి సభకైనా వచ్చి కూర్చున్నానా అని కాసేపు అనుమానం కూడా వేసింది. నాకు తెలిసిన మనిషికి కోపం వచ్చినంత సులువుగా ఇంకేదీ వచ్చేది కాదు. ఆ కోపాన్ని దాచుకోవాలని కూడా ఆవిడకి ఎప్పుడూ అనిపించలేదు. ఆ సభలో వాళ్ళు ఆవిడ పేరును పట్టుకెళ్ళి ఎవరో సాధుమూర్తికి తగిలించారు. అందుకే ఆ పేరు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. నేను పిలిచినట్టే అక్క అంటాను.

అక్కది గుంటూరు వైపు. నాది వరంగల్. కెనడాలోని కాల్గరీలో ఒకే ఆయిల్ కంపెనీలో పనిచేసేవాళ్ళం, ఆవిడ అకౌంట్స్‌లో, నేను ఐటీలో. ఆ సంగతి ఇద్దరికీ తెలియక ముందే పరిచయం అయింది, అదీ తిట్టుతో. చలికాలం పొద్దున సీట్రెయిన్ అనే సిటీ రైలు ప్లాట్‌ఫారం మీద నేను టోపీ లేకుండా నిలబడి ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతున్నాను. వెనక నుంచి తెలుగులో వినపడింది.

"చెవులు ఊడిపోతే మళ్ళీ మొలుస్తాయనుకుంటున్నావా?"

తిరిగి చూస్తే పొట్టిగా, బొద్దుగా, మోకాళ్ళు దాటిన కోటులో ఒక పెద్దావిడ. కళ్ళజోడు తలమీద ఉంది. నేనేదో నవ్వి సర్దుకోబోయాను. "నవ్వితే వెచ్చబడదు," అని తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఉన్ని టోపీ తీసి నా చేతిలో పెట్టింది. అదే రైల్లో పక్కన కూర్చుని ఆఫీసు దాకా నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ కళ్ళజోడు సంగతి తర్వాత అర్థమైంది. ఎవరినైనా గట్టిగా అడగాలనుకున్నప్పుడు అక్క ముందు కళ్ళజోడు తీసి తలమీదికి తోసేది. ఆఫీసులో మా డైరెక్టర్ కూడా ఆ కదలిక చూసి కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు. ఫలానాది అని లేదు, అన్నిటికీ కోపమే. మాట మధ్యలో అడ్డొస్తే కోపం. చెప్పిన టైముకి రాకుండా వచ్చి సారీ అంటే కోపం. "మీ చీర బాగుందండీ" అంటే "నేను చెప్పినదానికి జవాబు చెప్పకుండా చీరెందుకు" అని కోపం. కానీ ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళు మళ్ళీ ఆవిడ దగ్గరికే వెళ్ళేవాళ్ళు. వెనక మాట్లాడే అలవాటు ఆవిడకి లేదు. అనాల్సింది మొహం మీద అనేసి అక్కడితో మర్చిపోయేది.

ఒకసారి లంచ్ రూమ్‌లో నా బాక్సులోని కాకరకాయ వేపుడు ముక్క ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్ళజోడు పైకి వెళ్ళింది.

"ఉప్పేసి పిండావు కదూ?"

"పిండకపోతే చేదుంటది కదక్కా."

"చేదు పిండేసి వండేదానికి కాకరకాయెందుకు? సొరకాయ వండుకో. శనివారం మా ఇంటికి రా. చేదంటే ఏంటో చూపిస్తా."

కాకరకాయ పులుసు పెడుతుందేమో అనుకుని వెళ్ళాను. వంటింట్లో ఏమీ లేదు. నన్ను తిన్నగా బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళింది. బట్టలుతికే సింకు పక్కన ఒక బల్ల, దాని మీద పెద్ద తెల్లటి ప్లాస్టిక్ బకెట్, పొడుగాటి గరిటె, వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టిన ఒక టిన్ను డబ్బా. డబ్బా మీద బిట్టర్ అని రాసి ఉంది.

"ఇదేంటక్కా?"

"బీరు. ముందు చేతులు కడుక్కో. అట్లా తడుపుకోవడం కాదు, మోచేతుల దాకా."

కెనడా రాక ముందు వాళ్ళు కొన్నేళ్ళు ఇంగ్లండ్‌లో ఉన్నారు, భర్త ఉద్యోగం మీద. నేను ఆయన్ని బావగారు అనేదాన్ని. అక్కడ ఒక చిన్న ఆఫీసులో పనికి కుదిరింది అక్క. శుక్రవారం సాయంత్రాలు ఆఫీసులో ఆడవాళ్ళు పబ్బుకి తీసుకెళ్ళేవాళ్ళు. చాలాకాలం నారింజ రసం తాగుతూ కూర్చుందట. ఒకరోజు పక్కన కూర్చున్న పెద్దావిడ, రుచి చూడమని తన గ్లాసు ముందుకు జరిపింది. ఆ బీరు పేరే బిట్టర్.

"ఆ ఊళ్ళో అందరూ నాతో తియ్యగా మాట్లాడేవాళ్ళే. దుకాణంలో, బస్సులో, ఆఫీసులో, ఎక్కడ చూసినా లవ్, డార్లింగ్. ఒక్కరు మనసులో మాట అనరు. ఆ గ్లాసొక్కటే నాతో నిజం చెప్పినట్టుందే," అంది డబ్బా మూత తీస్తూ.

కాల్గరీ దుకాణాల్లో దొరికేవి ఆవిడకి నచ్చలేదు. మరీ చల్లగా, మరీ గ్యాసుగా ఉంటాయట. అందుకని బీరు తయారీ సామాన్లు అమ్మే షాపులో ఈ కిట్టు కొని ఇంట్లోనే చేసుకోవడం మొదలుపెట్టింది. డబ్బాలోంచి నల్లటి చిక్కటి పాకం జారింది. బెల్లం పాకంలా ఉంది గానీ వాసన వేరు, తడిసిన గడ్డీ మాడిన రొట్టే కలిసినట్టు. గరిటెకి అంటుకున్నది వేలితో తీసి నా నాలుక మీద పెట్టింది. ముందు తీపి తగిలింది, ఆ వెనకే గొంతు దాకా చేదు పాకింది. నా మొహం చూసి తృప్తిపడింది. మరిగే నీళ్ళు పోసి కలిపాం. పంచదార వెయ్యమని కిట్టు మీద రాసి ఉంటే, "అది బద్ధకస్తుల పద్ధతి," అని బార్లీ మాల్టు పొడి వేసింది. చన్నీళ్ళు నింపి, గోరువెచ్చగా అయిందని నమ్మకం కుదిరాక ఈస్టు ప్యాకెట్ చింపి పైన చల్లింది. నేను గరిటె అందుకోబోతే చేతిమీద కొట్టింది.

"కలపకు. చల్లి వదిలెయ్. దాని పని అది చేసుకుంటుంది."

మూత బిగించి, మూతకున్న కన్నంలో నీళ్ళు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టం గుచ్చింది. లోపలి గాలి బయటికి పోతుంది గానీ బయటి గాలి లోపలికి రాదు. బేస్‌మెంట్ చలికి బకెట్‌కి పాత శాలువా చుట్టి పిన్నీసు పెట్టింది. అప్పుడే మెట్ల పైనుంచి బావగారి గొంతు వినపడింది.

"అయిందా మీ సారా కాయడం?"

"కాయడం కాదు, పులియబెట్టడం. పొద్దున మీరు తిన్న ఇడ్లీ కూడా అదే," అంది అక్క పైకి చూడకుండా.

ఆయన నవ్వారు. ఆవిడా నవ్వింది. వాళ్ళిద్దరి మధ్య అప్పట్లో అలాగే నడిచేది. రోజూ ఏదో ఒకదానికి ఆయన్ని తిట్టేది, ఆయన తలూపి వినేవారు. షూస్ తీయకుండా కార్పెట్ తొక్కినందుకు, కూతురు ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి తనకి ఇచ్చేసినందుకు, ఉప్పు తగ్గించమన్న డాక్టర్ మాట వినకుండా ఆవకాయ సీసా దాచుకున్నందుకు. తిట్టి తిట్టి, చివర్న "తినండి, చల్లారిపోతోంది," అనేది. ఆ తిట్లలోనే ఆ ఇల్లు నడుస్తున్నట్టు నాకనిపించేది.

అక్క తాగేది సాయంత్రం పూట ఒక్క గ్లాసు. అది కూడా నిండా ఉండేది కాదు. కిటికీ వెలుతురుకి ఎత్తి రంగు చూసుకుని, వాసన చూసి, కుర్చీలో వెనక్కి వాలి తాగేది. ఆ కాసేపు ఎవరు పిలిచినా పలికేది కాదు. ఐసు వేసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే, "నీళ్ళు తాగండి," అని గ్లాసు వెనక్కి తీసుకునేది. కిక్కు ఉంటుందా అని అడిగినవాడికి రెండోసారి ఇచ్చేది కాదు.

ఒక వేసవిలో వాళ్ళింట్లో భోజనాలకి పిలిచారు. మగవాళ్ళంతా వెనక డెక్ మీద చేరారు. బావగారు విస్కీ సీసా తెరిచారు. ఆడవాళ్ళం వంటింట్లో ఉన్నాం. అక్క కిందికి వెళ్ళి తన సీసాలు తెచ్చింది. అడుగునున్న మడ్డి కదలకుండా సీసాని వంచి, నెమ్మదిగా గ్లాసుల్లో పోసింది. రాగి రంగు, పైన పల్చటి నురగ. అడిగినవాళ్ళకి పోసింది, వద్దన్నవాళ్ళని బతిమాలలేదు. ఒకావిడ మొదటి గుటకకి మొహం చిట్లించింది. రెండో గుటకకి ఆగింది. ఆ తర్వాత ఏమీ అనకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది. అక్క అది చూసి లోలోపల మురిసిపోయింది.

అప్పుడు ఐసు కోసం లోపలికి వచ్చాడు ఒక పెద్దమనిషి. పేరు అనవసరం. మా ఊళ్ళో తెలుగువాళ్ళ పండగలూ పబ్బాలూ ఆయన చేతుల మీదుగా జరుగుతాయి. మైకు ఎక్కడుంటే ఆయన అక్కడుంటాడు. మా చేతుల్లో గ్లాసులు చూసి ఆగాడు.

"ఏంటమ్మా ఇది, మన ఆడపిల్లలకి ఇలాంటివి అలవాటు చేస్తున్నారా? మన పద్ధతులు ఏం కావాలి?"

ఆయన చేతిలో విస్కీ గ్లాసు ఉంది. అక్క కళ్ళజోడు తలమీదికి వెళ్ళింది.

"మీ చేతిలోది కొబ్బరినీళ్ళా అన్నయ్యగారూ?"

ఒకరిద్దరు నవ్వారు. ఆయనా నవ్వాడు, చిన్నపిల్ల అల్లరి చూసి నవ్వినట్టు.

"మాదంటే వేరమ్మా. మగవాళ్ళం. వారమంతా పని ప్రెషర్ ఉంటుంది."

"నేను వారమంతా ఆఫీసులో పేకాడి వస్తున్నానా?"

నవ్వులు ఆగిపోయాయి. ఈ మాటలు డెక్ దాకా వినపడ్డట్టున్నాయి, బావగారు లోపలికి వచ్చారు. పెద్దమనిషి మొహం చూశారు. తర్వాత అక్కతో, అందరి ముందూ, "అవన్నీ కిందికి తీసుకెళ్ళు," అన్నారు.

అక్క తీసుకెళ్ళలేదు. స్టూలు లాక్కుని వంటింటి మధ్యలో కూర్చుని తన గ్లాసు తాగింది. తొందరేమీ పడలేదు. మేమందరం నిలబడి చూస్తున్నాం. ఎవరికీ బయటికి వెళ్ళాలో ఉండాలో తెలియలేదు. పెద్దమనిషి ఐసు కోసం తెరిచిన ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. గ్లాసు ఖాళీ అయ్యాక అక్క లేచి, దాన్ని కడిగి బోర్లించి, "రండి, భోజనాలు వడ్డిస్తాను," అంది.

ఆ తర్వాత వాళ్ళకి పిలుపులు తగ్గాయి. ఆడవాళ్ళని పాడుచేస్తోందని కొందరు, ఇంట్లో సారా కాస్తోందని కొందరు. అన్నవాళ్ళలో ఆ రోజు వంటింట్లో గ్లాసు ఖాళీ చేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ కొన్నాళ్ళకి నాకు మెసేజ్ పెట్టింది, ఎవరికీ తెలియకుండా ఒక సీసా తెచ్చిపెట్టగలవా అని. అక్కకి చూపించాను. "పట్టపగలు వచ్చి అడగమను, ఇస్తా," అంది. ఆవిడ రాలేదు.

కొన్నేళ్ళు గడిచాక అక్కకి జబ్బు చేసింది. క్లోమంలో కేన్సర్ అన్నారు. డాక్టర్ దగ్గరికి బావగారితోపాటు నన్నూ రమ్మంది, ఇద్దరు వింటే ఒకరికైనా సరిగ్గా గుర్తుంటుందని. దేనివల్ల వచ్చిందని అక్క సూటిగా అడిగింది. ఫలానా కారణమని చెప్పలేమని డాక్టర్ అంది. నేను చేసే బీరు వల్లా అని కూడా అడిగింది అక్క. ఎంత తాగుతారని అడిగి, విని, ఆ లెక్కన దాన్ని అనడానికి లేదంది డాక్టర్. బావగారు పక్కనే కూర్చుని విన్నారు. నేనూ విన్నాను.

చూడడానికి జనం రావడం మొదలుపెట్టారు. పిలుపులు మానేసినవాళ్ళు కూడా పళ్ళు పట్టుకుని వచ్చారు. అందరూ ఒకే మాట నేర్చుకుని వచ్చినట్టుండేవాళ్ళు. ఫైట్ చెయ్యండి, పాజిటివ్‌గా ఉండండి.

"నేను పాజిటివ్‌గా ఉంటే మీకు కూర్చోవడానికి సుఖంగా ఉంటుంది. నాకేంటి ఉపయోగం?" అని ఒకాయన్ని మొహం మీదే అడిగింది.

కీమో మొదలయ్యాక నోటి రుచి పోయింది. ఏది నోట్లో పెట్టినా ఇనుప చెంచా నాకినట్టు ఉందనేది. ఆ స్థితిలోనే, ఒక ఆదివారం కాస్త ఓపిక ఉన్నప్పుడు, కిట్టు కొనుక్కురమ్మని నన్ను షాపుకి పంపింది. నీళ్ళ గిన్నె ఎత్తలేకపోయింది. బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, నేను చేసే ప్రతి పనికీ పేరు పెట్టింది. గరిటె సరిగ్గా కడగలేదంది. నీళ్ళు ఇంకా వేడిగా ఉన్నాయి, ఈస్టు చచ్చిపోతుంది, ఆగమంది. నన్ను అంత తిట్టిన రోజు ఇంకొకటి లేదు. పైకి వెళ్ళేటప్పుడు మెట్టు మెట్టుకీ ఆగింది. మొహం మాత్రం బాగుంది.

కింద ఆ బకెట్‌లో బీరు పులుస్తుండగానే పెద్దమనిషి వచ్చాడు. ఏదో గుడి నుంచి తెప్పించిన ప్రసాదం పొట్లం అక్క చేతిలో పెట్టి, సోఫాలో సర్దుకుని కూర్చున్నాడు. వాతావరణం గురించి, అందరి పిల్లల గురించి మాట్లాడాడు. లేవబోతూ గొంతు తగ్గించాడు.

"ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. ఆ కింద తయారు చేసుకునేది ఉంది చూశారూ, దానివల్లే అయ్యుంటుంది. ఆడవాళ్ళ శరీరం తట్టుకోదమ్మా. ఇప్పుడైనా మానెయ్యండి."

అక్క ఆయన వైపు చూడలేదు. బావగారి వైపు చూసింది. డాక్టర్ చెప్పింది ఆయన చెవులారా విన్నారు. ఒక్క మాట చాలు. కాదండీ, డాక్టర్ అలా అనలేదు అంటే చాలు. ఆయన కార్పెట్ వైపు చూస్తూ అన్నారు.

"ఎంత చెప్పినా వింటేగా."

నేను అక్క చేతివైపు చూశాను. కళ్ళజోడు ఇప్పుడు పైకి వెళ్తుంది, ఇద్దరికీ ఉంటుంది అనుకున్నాను. వెళ్ళలేదు. అక్క ప్రసాదం పొట్లం పక్కన పెట్టి, "కాఫీ తీసుకుని వెళ్ళండి అన్నయ్యగారూ," అంది. నేనే నోరు తెరిచాను. "డాక్టర్ అట్లా చెప్పలేదండీ, నేను పక్కనే ఉన్న," అన్నాను. పెద్దమనిషి నా వైపు జాలిగా చూసి, "డాక్టర్లు అన్నీ చెప్పరమ్మా," అని షూస్ వేసుకున్నాడు.

ఆ రోజు తర్వాత అక్క బావగారిని తిట్టగా నేను వినలేదు. ఆయన షూస్‌తో కార్పెట్ మీద నడిచినా చూసి ఊరుకునేది. మందు టైమైంది అంటే "అలాగేనండి" అనేది. బ్లైండ్స్ వెయ్యనా అంటే "మీ ఇష్టమండి" అనేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఎరగని మర్యాద అది. ఆయన మాత్రం ఇండియాకి ఫోన్ చేసి, "ఇప్పుడు చాలా శాంతంగా ఉంటోంది. ఒక్క మాట విసుక్కోదు," అని సంతోషంగా చెప్పడం నేను నా చెవులతో విన్నాను. నాకు ఆయన చేతిలో ఫోన్ లాక్కోవాలనిపించింది.

నన్ను మాత్రం తిడుతూనే ఉండేది. అదొక్కటే నాకు ధైర్యం.

బీరు సీసాల్లోకి నింపాం. గ్యాసు పట్టడానికి వెచ్చటి చోట ఉంచాం. ఒక మధ్యాహ్నం ఒకటి తెరవమంది. ఇంకా ముదరలేదక్కా అన్నాను. "నాకు తెలుసు, తెరువు," అంది. గ్లాసులో పోసి ఇచ్చాను. కిటికీకి ఎత్తి రంగు చూసింది. వాసన చూసింది. చిన్న గుటక వేసి నోట్లోనే ఉంచుకుంది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. మింగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఏమీ లేదే. ఇనుమే."

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. గ్లాసు నా వైపు తోసింది.

"నువ్వు తాగి చెప్పు."

తాగాను. "బాగుందక్కా."

కళ్ళజోడు తలమీదికి వెళ్ళింది. "బాగుంది అంటే నాకేం తెలుస్తుంది? అందరూ అనే మాట నువ్వూ అంటావేంటే? సరిగ్గా చెప్పు. ముందేం తగిలింది?"

మళ్ళీ తాగాను. ఈసారి కళ్ళు మూసుకున్నాను. ముందు రొట్టె అంచు, కొంచెం ఎక్కువ కాలిన అంచు అన్నాను. తర్వాతేంటి అంది. తర్వాత బత్తాయి తొక్క గోటితో గిల్లితే వచ్చే వాసన, దాంతోపాటు సన్నటి తీపి, బెల్లం కాదు, బెల్లం గిన్నె కడిగిన నీళ్ళంత తీపి. తర్వాతేంటి అంది. తర్వాత చేదు. ఎక్కడ అంది. నాలుక వెనక, రెండు పక్కలా. ఎంతసేపుంది అంది. ఇంకా ఉందక్కా, మాట్లాడుతున్నా పోవట్లేదు.

అక్క తల వెనక్కి వాల్చి వింటోంది. పెదాలు తడుపుకుంది. "కాకరకాయా, వేపా?" అని అడిగింది.

ఆలోచించాను. "వేప కాదు. పిండని కాకర."

"ఊ," అంది. చాలా రోజుల తర్వాత ఆవిడ మొహంలో గెలిచిన మనిషి కనపడింది. "అయితే కుదిరింది. మిగతావి చల్లటి మూలకి మార్చు. కొన్ని వారాలు ఆగితే ఇంకా బాగుంటాయి. అవన్నీ నీవే. ఇప్పుడే కార్లో వేసి కుదపకు, మడ్డి లేస్తుంది. నేను చెప్పినప్పుడు తీసుకెళ్ళు."

చెప్పడానికి ఆవిడకి టైము లేకపోయింది. వారం తిరగకుండా ఆస్పత్రిలో చేర్చారు, మళ్ళీ ఇంటికి రాలేదు.

దహనం అయిన తర్వాత నేను ఆ ఇంటికి వెళ్ళాను. సింకులోంచి వాసన బేస్‌మెంట్ మెట్ల మీదికి కొడుతోంది, ఆ గడ్డి, ఆ రొట్టె. బావగారి తమ్ముడు హ్యూస్టన్ నుంచి వచ్చి ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ, "క్లీన్ చేసేశామండీ. చుట్టాలు వస్తున్నారు, కింద పరుపులు వెయ్యాలి కదా," అన్నాడు. ఖాళీ సీసాలు రీసైక్లింగ్‌కి పెట్టే నీలం డబ్బాలో పడున్నాయి. బకెట్ కూడా గరాజ్‌లో చెత్త పక్కన పెట్టారు. పైకి వచ్చి బావగారిని అడిగాను, బీరంతా సింకులో పారబోశారని మీకు తెలుసా అని.

"నేనే చెప్పానమ్మా. వచ్చినవాళ్ళు చూస్తే ఆవిడ గురించి ఏమనుకుంటారు?"

"ఆవిడ గురించా బావగారూ, మీ గురించా?"

అక్కావాళ్ళ అమ్మాయి, టొరంటోలో ఉద్యోగం చేస్తుంది, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని అంతా వింది.

సభలో ఆ అమ్మాయే ముందు వరసలోంచి లేచి నా దగ్గరికి వచ్చింది. అన్నపూర్ణ అన్నాయన అప్పుడే స్టేజి దిగుతున్నాడు. నా చెవిలో, "ఆంటీ, దే ఆర్ టాకింగ్ అబౌట్ సమ్ అదర్ లేడీ. ప్లీజ్, యూ గో," అంది.

వెళ్ళాను. నాకు మైకు అలవాటు లేదు. రాసుకుని వెళ్ళింది కూడా ఏమీ లేదు. ఇక్కడ చెప్పినవాళ్ళెవరికీ ఆవిడ తెలియదు అని మొదలుపెట్టాను. ఆవిడకి చాలా కోపం అన్నాను. నాకు టోపీ ఇచ్చి తిట్టిన సంగతి చెప్పాను. ఆవిడ బీరు చేసేదని, మంచి బీరని, మీలో చాలామంది తాగారని చెప్పాను. కొబ్బరినీళ్ళ సంగతి చెప్పాను. హాల్లో ఒక్క ఆ అమ్మాయే పైకి నవ్వింది, ఏడుస్తూ. మిగతావాళ్ళు ఒళ్ళోకి చూసుకుంటున్నారు. ఆవిడ బీరు తాగిన ఆడవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూశాను. ఒక్కరూ తలెత్తలేదు. అప్పుడు నాకు భయం పూర్తిగా పోయింది.

"జబ్బుతో సోఫాలో కూర్చున్న మనిషి దగ్గరికి వచ్చి, నువ్వు తాగిన బీరు వల్లే వచ్చింది అన్నారు. డాక్టర్ కాదని చెప్పింది. అయినా అన్నారు. అన్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, ఇందాక ఈ మైకులోనే ఆవిడని దేవత అన్నారు. ఆవిడ దేవత కాదు. ఆవిడకి మీమీద కోపం ఉండేది, ఆ కోపం న్యాయమైంది."

పెద్దమనిషి స్టేజి ఎక్కి, నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి మానుకుని, మైకు తన వైపు తిప్పుకున్నాడు. "అక్కలాంటి మనిషి పోయింది కదండీ, పాపం బాధలో ఏదో..."

"బాధ కాదండీ, కోపం," అన్నాను. ఆ మాట మైకులో పడిందో లేదో తెలియదు. దిగిపోయాను. వెనక ఎవరో భోజనాలు తయారని అనౌన్స్ చేశారు.

నేను తినకుండా బయటికి వచ్చేశాను. చలికాలంలో వచ్చే చినూక్ అనే వెచ్చటి గాలి వీచి పార్కింగ్ లాట్‌లో మంచంతా బురదగా మారింది. కారు తలుపు తీసి కూర్చుంటుండగా బావగారు వచ్చారు, కోటు లేకుండా, ఆ బురదలోనే. మామూలుగా నన్ను మీరు అనేవారు కాదు.

"అంతమందిలో ఎందుకమ్మా మీరు అలా..."

"మీ పేరు రానందుకు సంతోషించండి బావగారూ. మీరన్న మాట నేను చెప్పలేదు."

ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డారు. "నోటికి అలా వచ్చేసింది. ఇంటికొచ్చిన మనిషికి ఎదురు చెప్పడం ఎందుకని. అంతే. దానికి ఇంకో అర్థం లేదు."

గాలికి ఆయన చొక్కా ఎగురుతోంది.

"ఆఖర్లో నువ్వే కదా దగ్గరున్నావు," అన్నారు. "నన్నేమన్నా తిట్టిందా?"

ఆయన మొహంలో ఆశ ఉంది. తిట్టిందని చెప్తే చాలు. ఎంత పెద్ద తిట్టయినా సరే, ఇంటికి తీసుకెళ్ళి దాచుకునేలా ఉన్నారు. ఒక అబద్ధం నాకేమీ కష్టం కాదు. చెప్పబుద్ధి కాలేదు.

"లేదు బావగారూ. మీ గురించి ఏమీ అనలేదు."

"ఏమీనా?"

"ఏమీ."

ఆయన చెయ్యి తలుపు మీదే ఉంది. నేను ఆ చేతిని చూస్తూ కూర్చున్నాను, ఆయన్ని చూడలేదు. చెయ్యి తీశాక తలుపు వేసుకుని, ఆయన పక్కకి జరిగేదాకా ఆగి, కారు వెనక్కి తీశాను.